పెరటి కోళ్ళు – ఒంటి ఓపిక



మా హోసూరు పక్క పల్లెల్లో తెలుగువాళ్ళం కోడి అంటాం, తమిళులూ కన్నడిగులూ కోళి అంటారు. పేరేదైనా, పెరట్లో నాలుగు కోళ్ళు తిరగని ఇల్లు తక్కువ. వాటిని సాకేది చాలావరకు ఇంట్లోని పెద్దవాళ్ళే. మరి ఆ పెద్దవాళ్ళకే మోకాళ్ళు పట్టేసి, ఆయాసం మొదలైతే కోళ్ళను ఉంచుకోవాలా, తీసేయాలా? ఈరోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా అమ్మకు డెబ్బై దాటాయి. పద్నాలుగు కోళ్ళుండేవి. ఒక సాయంత్రం వాటిని మూయబోయి చీకట్లో తూలి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ నాకు భయం పట్టుకుంది. ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా కోళ్ళన్నిటికీ బేరం కుదిర్చాను. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. "నా చేతిలో గుడ్ల డబ్బులుంటే మనవడికి పలకాబలపం నేనే కొనిస్తాను. రేపటినుంచి అదీ నిన్నే అడగాలా?" అంది. తప్పు నాదేనని అర్థమైంది. బేరం వదులుకున్నాను.

బడిపంతుళ్ళకు ఏదైనా కాగితం మీద పెట్టనిదే తెలియదు కదా! మర్నాడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కోళ్ళ పనులన్నీ ఒక్కొక్కటిగా రాశాను. పొద్దున వదలడం, నీళ్ళు పెట్టడం, నూకలూ రాగులూ చల్లడం, గుడ్లు తీయడం, గూడు ఊడ్వడం, పిల్లల్ని గద్దనుంచీ పిల్లినుంచీ కాయడం, సాయంత్రం మూయడం. ఇందులో అమ్మకు చేతకానివి మూడే తేలాయి: వంగి గూడు ఊడ్వడం, పిల్లల వెనక తిరగడం, మసక చీకట్లో మూయడం. మిగతావన్నీ ఆమె హాయిగా చేసుకోగలదు. మీరూ ఇలా రాసి చూడండి. చాలా ఇళ్ళలో బరువు కోళ్ళది కాదు, వాటిలో ఒకటి రెండు పనులది.

వంగే పనికి మందు గూటిని ఎత్తులో పెట్టడమే. మేము రాతిబండల మీద నడుమెత్తున కట్టించాం. పిల్లల పనికి మందు పొదగేయకపోవడం. కోడి 21 రోజులు పొదిగితే పిల్లలు దిగుతాయి. ఆ తర్వాత రెండు నెలలు కాపలా తప్పదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అవి పొదగడానికి పనికిరావు గానీ తినడానికి బాగుంటాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన గిరిరాజ, హైదరాబాదులో రూపొందిన వనరాజ లాంటి రకాలు నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, సాధారణంగా పొదుగుకు కూర్చోవు. అయితే ఒళ్ళు బరువు గనుక కుక్క వస్తే నాటుకోడిలా ఎగిరి తప్పించుకోలేవు. దడి గట్టిగా ఉండాలి.

ఇక ఒంటి సంగతి. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఊడ్చేముందు కాసిని నీళ్ళు చిలకరించండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కోళ్ళను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు పెరట్లో చెప్పులు లేకుండా తిరగొద్దు. గూడు శుభ్రం చేసిన కొన్ని గంటలకు దగ్గు, జ్వరం, ఆయాసం వచ్చి, కోళ్ళకు దూరంగా ఉంటే తగ్గుతున్నాయా? వెంటనే డాక్టరుకు ఈ మాట చెప్పండి. ఉబ్బసం ముదిరినవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరు వద్దంటే వినాలి. అక్కడ మమకారానికి తావు లేదు.

కోడికీ రోగాలుంటాయి. కొక్కెర తెగులు, అంటే రాణిఖెత్, వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో కంట్లో చుక్క, రెండు నెలలప్పుడు సూది. కన్నడంలో దీన్ని కొక్కరె రోగ అనీ, తమిళంలో వెళ్ళై కళిచ్చల్ అనీ అంటారు. పశువుల ఆసుపత్రిలో ఆ పేరు చెబితే వాళ్ళకు చప్పున తెలుస్తుంది. కోళ్ళు ఒక్కసారిగా చనిపోతుంటే ఒట్టి చేతులతో ముట్టుకోకండి, కూర వండకండి, అదే ఆసుపత్రికి కబురు పెట్టండి. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంత చేసినా ఓపిక చాలకపోతే? అప్పుడూ ఒక్కసారిగా అమ్మేయక్కర్లేదు. పక్కింటివాళ్ళకు సాకడానికిచ్చి, పిల్లల్లో సగం వాళ్ళకూ సగం మనకూ అనుకోవడం పల్లెల్లో ఎరిగిన పద్ధతే. కోడి కళ్ళముందే తిరుగుతుంది, పని మాత్రం తప్పుతుంది.

ఇప్పుడు మా అమ్మ దగ్గర నాలుగు పెట్టలే ఉన్నాయి. పది ఎవరికివ్వాలో ఆమే ఎంచింది. ఆదివారం గూడు ఊడ్చే పని నాది, సాయంత్రం మూసే పని మనవడిది. వచ్చే ఏడు నాలుగూ ఉంటాయో, రెండే ఉంటాయో ఆమె ఒళ్ళు చెప్పాలి, ఆమె నోరు చెప్పాలి. మీ ఇంట్లోనూ కోళ్ళ బేరగాణ్ణి పిలిచే ముందు, వాటిని సాకినవాళ్ళను ఒక్కమాట అడగండి.