చేసినవాడు మైనరైతే, నష్టపోయినవాళ్లకు ఏమీ రాదా?

దాడి చేసినవాడికి పద్దెనిమిదేళ్లు నిండలేదని తెలిసిన రోజున బాధితుల ఇంట్లో సగం ఆశ చచ్చిపోతుంది. పరామర్శకు వచ్చిన చుట్టాలే "మైనరట కదా, ఇంకేం కేసు, వదిలేస్తారు" అని తేల్చేసి వెళ్తారు. ఆ మాట నమ్మి దరఖాస్తు కూడా పెట్టకుండా ఊరుకునే కుటుంబాలు ఉంటాయి. మైనర్ని వదిలేస్తారన్నది నిజం కాదు. దాని సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇంకొకటుంది: నేరం చేసినవాడి వయసును బట్టి మనకు రావలసిన డబ్బు ఆగిపోతుందన్నది. కాబట్టి ముందు డబ్బు సంగతి.

నేరం వల్ల దెబ్బతిన్నవాళ్లకు పరిహారం రెండు దారుల్లో రావచ్చు. మొదటిది, నేరం రుజువయ్యాక కోర్టు దోషి చేత కట్టించేది. అతని దగ్గర డబ్బుంటేనే అది చేతికొస్తుంది. రెండోది ప్రభుత్వమే ఇచ్చేది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఎ సెక్షన్‌గా ఇది 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కాబట్టి, ఇప్పుడిది అందులో 396వ సెక్షన్. నంబరు మారినా హక్కు అదే. ప్రతి రాష్ట్రమూ ఇందుకోసం ఒక పథకం పెట్టి, నిధి కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఇలాంటి పథకాలున్నాయి. ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఉచితంగా లాయరును పెట్టేదీ, లోక్ అదాలత్‌లు నడిపేదీ ఈ సంస్థే.

"కేసు కొట్టేస్తే?" అన్నది వెంటనే వచ్చే సందేహం. నిందితుడు నిర్దోషిగా బయటపడినా, బాధితులు మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయం అవసరమని తోస్తే పరిహారం ఇవ్వమని కోర్టు సిఫారసు చేయవచ్చు. చేసినవాడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సెక్షన్‌లోనే ఆ మాట రాసి ఉంది. దొరకనివాడి కేసులోనే ఇచ్చే డబ్బును, దొరికినవాడికి పదిహేడేళ్లని ఆపడానికి వీల్లేదు.

ఎంత వస్తుంది? మహిళా బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకం సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. ప్రాణం పోతే 5 లక్షల నుంచి 10 లక్షలు, అత్యాచారమైతే 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం పాడైతే 7 నుంచి 8 లక్షలు. లైంగిక దాడికో యాసిడ్ దాడికో గురైన అమ్మాయి మైనరైతే ఈ హద్దులు మరో సగం పెరుగుతాయి. అంటే అత్యాచారానికి 6 లక్షల నుంచి 10.5 లక్షల దాకా అన్నమాట. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో, అబ్బాయిలైనా సరే, పోక్సో కోర్టులు ఈ పథకాన్నే మార్గదర్శకంగా తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ అంకెలను ఇంటి ఖర్చుతో పోల్చి చూద్దాం. నెలకు 15,000 తెచ్చే ఇల్లాలు హత్యకు గురైందనుకోండి. పథకంలో గరిష్ఠ మొత్తమైన 10 లక్షలు వచ్చినా అది ఆమె సంపాదనలో అయిదున్నరేళ్లకు సమానం. ఆమె ఇంకో ఇరవై ఏళ్లు పనిచేసి ఉంటే తెచ్చేది 36 లక్షలు. కాబట్టి ఇది పోయినదాన్ని పూడ్చే డబ్బు కాదు, కూలిన ఇంటిని కొన్నాళ్లు నిలబెట్టే ఆసరా. అందులోనూ మొత్తం ఒకేసారి చేతికివ్వరు. 75 శాతం కనీసం మూడేళ్లు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచి, 25 శాతం మాత్రమే వాడుకోనిస్తారు. 6 లక్షలు మంజూరైతే లక్షన్నర చేతిలో, నాలుగున్నర లక్షలు బ్యాంకులో. దానికి ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే నెలకు 2,600 పైచిలుకు. పెద్ద ఊళ్లో అద్దెకు కూడా చాలదు. బాధితులు మైనర్లయితే 80 శాతం వాళ్లు మేజర్లయ్యేదాకా బ్యాంకులోనే ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్ల డబ్బును ఇలా కట్టిపడెయ్యడమేమిటని చిరాకు కలగడం సహజమే. కానీ అప్పులవాళ్లు, దాయాదులు ఒక్కసారిగా ఎలా చుట్టుముడతారో చూసినవాళ్లకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. నా మటుకు నాకు డిపాజిట్ నియమం సబబుగానే తోస్తుంది. తక్కువనిపించేది మొత్తమే.

ఆస్పత్రి ఖర్చు మూడేళ్లు ఆగదు కదా? అత్యాచారానికీ యాసిడ్ దాడికీ గురైనవాళ్లకు ప్రథమ చికిత్స గానీ వైద్యం గానీ ఉచితంగా, వెంటనే చెయ్యాలి. ప్రభుత్వాసుపత్రులతో పాటు ప్రైవేటు ఆసుపత్రులకూ ఈ బాధ్యత ఉంది. యాసిడ్ దాడికి గురైనవాళ్లకు సంగతి తెలిసిన 15 రోజుల్లో లక్ష, ఆ తర్వాత రెండు నెలల్లో మరో 2 లక్షలు అందించాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. పోక్సో కేసుల్లో ఇంకా తొందరగా దొరికే సాయం ఒకటుంది. బట్టలు, తిండి, ఆటో ఖర్చుల్లాంటి తక్షణ అవసరాలకు డబ్బు ఇవ్వమని బాలల సంక్షేమ సమితి సిఫారసు చేయవచ్చు. సిఫారసు అందిన వారంలోపల చెల్లించాలన్నది 2020 నాటి నిబంధన. చాలా కుటుంబాలకు తెలియనిది ఇదే. అడిగితేనే కదలిక వస్తుంది.

దరఖాస్తు వేరే కార్యాలయంలో పెట్టవలసిన పథకాలు కూడా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద హత్య జరిగితే 2016 నిబంధనల ప్రకారం 8.25 లక్షలు. అందులో సగం పోస్టుమార్టం కాగానే, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక. దీన్ని చూసేది జిల్లా యంత్రాంగం. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తున్నారు. ఈ దరఖాస్తు ఆర్డీఓ గానీ తహసీల్దారు గానీ చూస్తారు.

ఇప్పుడు ఆ పదిహేడేళ్ల కుర్రాడి సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అతన్ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. విచారణ సాగేటప్పుడు పిల్లల్ని ఉంచేది పరిశీలన గృహం, అంటే అబ్జర్వేషన్ హోంలో. తప్పు చేశాడని బోర్డు తేల్చితే మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా మొదలుకొని గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం దాకా ఉత్తర్వులివ్వవచ్చు. పదిహేడేళ్లవాడికి మూడేళ్లంటే ఇంటరు రెండో ఏడాది నుంచి డిగ్రీ సగం దాకా గడిచే కాలం. ఆ మూడేళ్లూ ఇంటికి దూరంగా ఉండేవాణ్ని "వదిలేశారు" అనలేం.

బాధితులను బాగా కలవరపెట్టే విషయం ఒకటుంది. "పోలీసులు ఎఫ్ఐఆర్ కూడా కట్టలేదు, డబ్బు తినేశారు" అంటారు. ఎప్పుడూ అది లంచం వ్యవహారమే కానక్కరలేదు. నిందితుడు మైనరైతే, నేరం అతి తీవ్రమైనదయినప్పుడో పెద్దవాళ్లతో కలిసి చేసినప్పుడో మాత్రమే ఎఫ్ఐఆర్ వేయాలని బాలల న్యాయ చట్టం కింద చేసిన 2016 మోడల్ రూల్స్ చెబుతాయి. మిగతా కేసుల్లో స్టేషన్ జనరల్ డైరీలో నమోదు చేసి, ఆ పిల్లవాడి ఇంటి పరిస్థితులపై నివేదికతో బోర్డుకు పంపుతారు. మీ కేసు అలాంటిదైతే డైరీ నమోదు వివరాలు అడిగి రాసి పెట్టుకోండి. హత్య, అత్యాచారం లాంటివాటికి ఎఫ్ఐఆర్ తప్పదు. మహిళల పథకం కింద, అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ ప్రతిని న్యాయ సేవాధికార సంస్థకు పంపవలసిన బాధ్యత కూడా పోలీసులదే.

అతి తీవ్రమైనదంటే ఏమిటి? ఇక్కడ చట్టం కొంచెం మెలిక తిరుగుతుంది. మూడేళ్లలోపు శిక్ష పడే నేరాలు చిన్నవి. ఏడేళ్లు గానీ ఆపైన గానీ కనీస శిక్షగా ఉన్నవి అతి తీవ్రమైనవి. మధ్యలో ఉన్నవి తీవ్రమైనవి. చూడవలసింది గరిష్ఠ శిక్షను కాదు, కనీస శిక్షను. 2024 మేలో పుణెలో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన కేసు గుర్తుండే ఉంటుంది. నిందితుడైన పదిహేడేళ్ల కుర్రాడికి 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో బెయిలు రావడం చూసి దేశమంతా మండిపడింది. నేరపూరిత నరహత్య సెక్షన్‌కు జీవిత ఖైదు దాకా శిక్ష ఉన్నా, అప్పటి ఐపీసీలో కనీస శిక్ష లేదు. ఇలాంటి నేరం అతి తీవ్రమైన వర్గంలోకి రాదని సుప్రీంకోర్టు 2020లో వేరే కేసులో తేల్చింది. కొత్త భారతీయ న్యాయ సంహితలో కనీసం అయిదేళ్లు పెట్టినా అది కూడా ఏడుకు తక్కువే. బెయిలు షరతు మీద కోపం సబబే. కానీ అంత చావు జరిగినా పెద్దవాడిగా ఎందుకు విచారించరన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఈ లెక్కలోనే ఉంది.

పదహారు నిండినవాడు అతి తీవ్రమైన నేరం చేశాడన్నప్పుడు బోర్డు ముందుగా ఒక అంచనా వేస్తుంది. చేసే పని పర్యవసానం తెలుసుకునే మానసిక స్థితి అతనికి ఉందా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని మూడు నెలల్లో చూసి, అవసరమనుకుంటే కేసును బాలల కోర్టుకు పంపుతుంది. అక్కడ పెద్దవాళ్లకు వేసినట్టే శిక్ష వేయవచ్చు. కానీ ఉరి ఉండదు, విడుదలకు అవకాశమే లేని జీవిత ఖైదూ ఉండదు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా సురక్షిత స్థలంలో ఉంచి, మార్పు వచ్చిందో లేదో చూసి, ఆ తర్వాత విడుదలో జైలో నిర్ణయిస్తారు. 2012 నాటి ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాతే ఈ మార్పు వచ్చింది. ఆ ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలే తక్కువ. పాత చట్టం ప్రకారం మూడేళ్లు గడిపి 2015 డిసెంబరు 20న బయటికొచ్చాడు. రెండు రోజులకే, డిసెంబరు 22న, కొత్త బిల్లును రాజ్యసభ ఆమోదించింది.

"పిల్ల నేరస్తులు పెరిగిపోతున్నారు" అనే మాటనూ లెక్కలో చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నమోదైన నేరాలు 58,24,946. మైనర్ల మీద నమోదైనవి 30,555. వెయ్యి కేసులకు అయిదు. అంతకుముందు ఏడాది 31,170 ఉండగా, 2022లో రెండు శాతం తగ్గాయి. ఎఫ్ఐఆర్ లేకుండా డైరీలోనే ఉండిపోయినవి ఈ లెక్కలోకి రావు కాబట్టి అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండొచ్చు. పట్టుబడిన 37,780 మందిలో అయిదింట నాలుగు వంతులకు దగ్గరగా పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్యవాళ్లు. ఇంత కొద్దిమంది కోసం, ఇంకా మలచడానికి వీలున్న వయసువాళ్ల కోసం వేరే దారి పెట్టడంలో తప్పేమీ లేదు. బాధితులకు సాయం సకాలంలో అందితే ఆ దారి మీద ఇంత కోపం ఉండదని నా అనుమానం.

ఇంట్లో బండి ఉన్న తల్లిదండ్రులకు ఒక పక్కమాట. మైనరు బండి నడిపి నేరంలో ఇరుక్కుంటే, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని తండ్రి రుజువు చేసుకోవలసి ఉంటుంది. తాళం తనే చేతికిచ్చినవాడికి అది ఎలాగూ కుదరదు.

మైనరు ఫొటో, పేరు, బడి పేరు వాట్సాప్‌లో పంచడం కూడా నేరమే. నిందితుడైన మైనరుకూ, బాధితులైన పిల్లలకూ ఈ రక్షణ ఒక్కటే. ఆరు నెలల దాకా జైలు గానీ, 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

ఇక దరఖాస్తు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం మామూలుగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ముందుగా 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు కాబట్టి దరఖాస్తు రాయించడానికి ఎవరికీ డబ్బివ్వనక్కరలేదు. ఎఫ్ఐఆర్ ప్రతి, వైద్య నివేదిక, ప్రాణం పోతే మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ దగ్గరుంచుకోండి. ఏ ఒక్క కాగితం లేకపోయినా దరఖాస్తు ఆపకండి, తర్వాత జతచేయవచ్చు. విచారణ రెండు నెలల్లో ముగించి నిర్ణయం చెప్పాలి. అప్పటిదాకా గడవడం కష్టమైతే మధ్యంతర పరిహారం, అంటే తుది నిర్ణయానికి ముందే ఇచ్చే కొంత మొత్తం కావాలని దరఖాస్తులోనే విడిగా రాయండి. మహిళల పథకంలో గడువు నేరం జరిగిన నాటి నుంచి గానీ, విచారణ ముగిసిన నాటి నుంచి గానీ మూడేళ్లు. దాటిపోయినా తగిన కారణం ఉంటే తీసుకునే అధికారం సంస్థకు ఉంది. ఆలస్యం ఎందుకైందో ఒక పేరాలో, తేదీలతో రాసి, దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకున్న ప్రతి ఒకటి ఇంటికి తెచ్చుకోండి.