గేటు దగ్గరే ఆగిపోకండి

పిల్లకు సీటు వచ్చింది, ఫీజు సంగతి తేలింది, బస్సు పాస్ కూడా తీసేశాం, ఇక మన పని అయిపోయింది అనుకునే తల్లిదండ్రులు మనలో ఎక్కువ. కాలేజీ మొదటి రోజున ఓరియంటేషన్ ఉంటుందని, తల్లిదండ్రులు కూడా రావాలని కబురు వచ్చినా, అది చదువుకున్నవాళ్లకు చెప్పిన మాటలే అనుకుని ఊరుకుంటాం. మేమూ అలాగే ఊరుకునేవాళ్లమేమో. మా అక్క కూతురి విషయంలో జరిగింది చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాం.

ఆ అమ్మాయికి గుంటూరుకు దగ్గరలోని ఒక కాలేజీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. పదో తరగతి, ఇంటర్ రెండూ తెలుగు మీడియంలో ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే పూర్తి చేసింది. వాళ్లింట్లో ఇంటర్ దాటినవాళ్లు అంతకుముందు లేరు. మా బావగారు టైలరు. కూతురు మొదటి రోజు వేసుకోవలసిన డ్రెస్సు తానే రాత్రంతా కూర్చుని కుట్టారు. తీరా కాలేజీకి రమ్మంటే మాత్రం, "నేనెందుకు? ఇంగ్లీషులో వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటారు. గేటు దగ్గర దించి షాపుకు వెళ్లిపోతా" అన్నారు. మా అక్క ఊరుకోలేదు. చివరికి నలుగురం బయల్దేరాం. ఆ రోజు శుక్రవారం కావడంతో జుమా నమాజు ఎక్కడ చదవాలన్న బెంగ ఒకటి. (తీరా అడిగితే, పన్నెండున్నరకే భోజన విరామమని, మసీదు పక్క వీధిలోనే ఉందని అటెండరు చెప్పాడు. అడగకముందు మనమే ఎన్ని ఊహించుకుంటామో!)

హాలులో మొదటి గంటంతా ఇంగ్లీషులోనే సాగింది. ప్రిన్సిపాల్ మాట్లాడారు, డిపార్ట్‌మెంట్ హెడ్ మాట్లాడారు. తెర మీద బొమ్మలు వచ్చిపోయాయి. అంతలో మా మేనకోడలు మా చెవి దగ్గర, "మామూ, నాకు సగం కూడా అర్థం కావడం లేదు. క్లాసులు కూడా ఇలాగే ఉంటాయా? ఊళ్లోనే డిగ్రీలో చేరిపోనా?" అంది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు. గేటు దగ్గర దించి వచ్చేసి ఉంటే ఈ మాట ఎవరితో చెప్పుకునేది? సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పి ఉంటే, మా బావగారు ఏమనేవారో కూడా మాకు తెలుసు. సరేనమ్మా, మానెయ్యి అనేవారు. చదువు మీద ఇష్టం లేక కాదు, బిడ్డ కన్నీళ్లు చూడలేక.

ఆ తర్వాత మైకు అందుకున్న ఒక లెక్చరర్ తెలుగులో మొదలుపెట్టారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి అన్నారు. మొదట రెండు చేతులు లేచాయి, ఆపైన పది, ఆపైన లెక్కపెట్టలేనన్ని. మా అమ్మాయి వెనక్కి తిరిగి అన్ని చేతులనూ చూసి, తనదీ ఎత్తింది. ఇంగ్లీషు భాషకు, లెక్కలకు విడిగా క్లాసులు పెడతామని ఆయన చెప్పారు. ఇది ఆ కాలేజీ చేసే దయ ఏమీ కాదు. ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరినవారి కోసం ఏఐసీటీఈ 2017లో మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం రూపొందించింది. వెనుకబడిన విషయాల్లో పిల్లలను సిద్ధం చేయడం అందులో ఒక భాగం. ఈ మూడు వారాలూ పాఠాలు ఉండవులే అని ఇంటి దగ్గర ఉంచేసుకునే తల్లిదండ్రులను మేము చూశాం. తెలుగు మీడియం పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చే రోజులు అవే.

తల్లిదండ్రులు ఏమైనా అడగవచ్చు అన్నప్పుడు హాలంతా నిశ్శబ్దం. చిట్టచివరి వరుసలో బురఖాలో కూర్చున్న మా అక్క లేచింది. "ల్యాబు ఆలస్యమైతే మా పిల్ల ఏ బస్సులో వస్తుంది? ఆ టైములో ఫోను చేస్తే ఎత్తేది ఎవరు?" అని తెలుగులోనే అడిగింది. ల్యాబు ఉన్న రోజుల్లో పిల్లలందరూ ఎక్కాకే బస్సు కదులుతుందని చెప్పి, ఒక్కో బృందానికి బాధ్యులైన లెక్చరర్ల ఫోను నంబర్లు బోర్డు మీద రాయించారు. అప్పటిదాకా మాట్లాడనివాళ్లు ఒక్కొక్కరే లేచారు. హాస్టల్లో తిండి సంగతి ఒకరు, స్కాలర్‌షిప్ సంగతి ఇంకొకరు. ఇంతమంది నోళ్లు తెరవడానికి ఒక్క ప్రశ్న చాలింది.

ర్యాగింగ్ హామీపత్రం మీద బావగారు చదవకుండానే సంతకం పెట్టబోతుంటే మేము ఆపి, చదివి వినిపించాం. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఈ పత్రం విద్యార్థీ ఇవ్వాలి, తల్లిదండ్రులూ ఇవ్వాలి. మన బిడ్డను ఎవరైనా ఏడిపిస్తారేమో అన్న భయంతోనే మనం దాన్ని చూస్తాం. మన బిడ్డ ఎవరినీ ఏడిపించదని మాట ఇస్తున్నామన్నది మరచిపోతాం. వచ్చే ఏడు సీనియర్లయ్యేది వీళ్లే కదా! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. వేళాకోళం చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, ప్రాణం పోయేందుకు కారణమైతే పదేళ్ల దాకా. ఫిర్యాదుకు 1800-180-5522 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. మా అమ్మాయి దాన్ని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకుంది.

చిక్కు వచ్చింది ఆఫీసు కౌంటరు దగ్గర. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చి వెళ్లండి, కోర్సు అయ్యాక ఇస్తాం అన్నాడు గుమాస్తా. సరిచూసుకుని వెంటనే తిరిగి ఇవ్వాలి, దగ్గర ఉంచుకోకూడదని 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉందని చెప్పాం. "అందరూ ఇస్తున్నారు కదండీ, మీకొక్కరికేనా?" అన్నాడు. గంటసేపు నిలబడి ప్రిన్సిపాల్ దాకా వెళ్తే, జిరాక్సులు తీసుకుని ఒరిజినల్స్ ఇచ్చేశారు. మా వెనక వరుసలో ఉన్నవాళ్లు మాత్రం ఇచ్చేసే వెళ్లారు. వాళ్లను ఆపి చెప్పి ఉండవలసింది. ఆ తొందరలో మాకు తోచలేదు, ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

కుల ధ్రువపత్రం గురించి కూడా ఒక మాట. 2007లో తెచ్చిన చట్టంతో షేక్‌లు తదితర వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బీలో ఉన్నారు. ఈ తేడా తెలియక ఒకటి బదులు ఇంకొకటి రాసి, నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేరూ, డబ్బు తల్లి ఖాతాలో పడాలా కాలేజీ ఖాతాలో పడాలా అన్నదీ ప్రభుత్వాలను బట్టి మారుతూ వచ్చాయి. నిరుడు పక్కింటివాళ్లకు ఎలా వచ్చిందో అడిగితే చాలదు. ఈ ఏడు ఎలాగో ఆ కౌంటరులోనే అడగాలి.

నమాజు నుంచి తిరిగి వచ్చాక వర్క్‌షాపు చూపించారు. 2022లో కర్ణాటకలో జరిగిన గొడవ తర్వాత, స్కార్ఫ్ తీసెయ్యమంటారేమోనన్న దిగులు మా అక్కకు మనసులో ఉంది. ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయిలనందరినీ పిలిచి, "స్కార్ఫ్ కట్టుకునేవాళ్లు కట్టుకోండి, కొసలు మాత్రం లోపలికి దోపుకోవాలి. చున్నీ అయినా, జడ అయినా, లేత్ మిషన్ దగ్గర వదులుగా వేలాడకూడదు. లాగేస్తుంది" అన్నారు. ఉదయం నుంచీ నోరు విప్పని మా బావగారు ముందుకు వచ్చి, మోటారు పెట్టిన కుట్టు మిషను దగ్గరా అంతేనండీ అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ పావుగంట మిషన్ల గురించే మాట్లాడుకున్నారు.

వర్క్‌షాపులో ఖాకీ కోటు తప్పనిసరి అట. వచ్చేటప్పుడు బస్సులో బావగారు జేబులోంచి టేపు తీసి కూతురి చెయ్యి పొడవు కొలిచారు. "అబ్బా, అందరూ చూస్తున్నారు" అంది ఆ పిల్ల. ఆయన వినిపించుకోకుండా, ఖాకీ గుడ్డ రెండున్నర మీటర్లు సరిపోతుందా, మూడు తీసుకోవాలా అని మా అక్కను అడుగుతున్నారు.