ఏమీ నమ్మని ద్వేషం, మన ఇంట్లోని బిడ్డ

2025 ఆగస్టు 27, బుధవారం. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో, అనన్సియేషన్ క్యాథలిక్ చర్చిలో బడిపిల్లలు ఆరాధనకు కూర్చున్నారు. బడి తెరిచిన మొదటి వారం అది. బయట నుంచి, కిటికీల గుండా, 23 ఏళ్ల వ్యక్తి జరిపిన కాల్పుల్లో ఎనిమిదేళ్ల బాబు, పదేళ్ల పాప చనిపోయారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు.

ఇలాంటి వార్త వినగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఎవరి పని ఇది? ఏ మతం వాళ్లు, ఏ పార్టీ వాళ్లు? క్రైస్తవుల మీద పగతో చేశారా? మినియాపొలిస్ విషయంలో ప్రభుత్వ న్యాయవాది ఇచ్చిన జవాబు ఈ ప్రశ్నల్లో దేనికీ సరిపోలేదు. ఆ వ్యక్తి రాసుకున్న రాతల్లో దాదాపు ప్రతి వర్గం మీదా ద్వేషం ఉందన్నారు. అభిమానం కనబడింది ఒక్కరి మీదే, అంతకుముందు బడుల్లో కాల్పులు జరిపి పేరుమోసిన హంతకుల మీద.

అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 డిసెంబరు 16న, విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అబండెంట్ లైఫ్ క్రిస్టియన్ స్కూల్లో ఒక ఉపాధ్యాయురాలిని, ఒక విద్యార్థినిని కాల్చి చంపి తానూ ప్రాణం తీసుకున్నది ఆ బడిలోనే చదువుతున్న 15 ఏళ్ల అమ్మాయి. అదే ఏడాది జూలైలో ఇంగ్లండులోని సౌత్‌పోర్ట్‌లో డాన్సు క్లాసుకు వచ్చిన ముగ్గురు చిన్నారులను పొడిచి చంపిన 17 ఏళ్ల అబ్బాయి గురించి, తీవ్రవాద నివారణ విభాగానికి ముందే మూడుసార్లు సమాచారం వెళ్లింది. అతనికి స్పష్టమైన సిద్ధాంతం ఏదీ కనబడలేదు. మూడుసార్లూ ఫైలు మూసేశారు. సిద్ధాంతం లేదన్న సంగతికి అతిగా ప్రాధాన్యమిచ్చారని తర్వాత జరిపిన సమీక్ష తప్పుపట్టింది.

ఈ రకం హింసకు 2025లో అమెరికా న్యాయశాఖ ఒక పేరు వాడడం మొదలుపెట్టింది. నిహిలిస్టిక్ వయొలెంట్ ఎక్స్‌ట్రీమిజం. సమాజం మొత్తం మీద ద్వేషంతో, ఎవరు చస్తున్నారన్న లెక్క లేకుండా అల్లకల్లోలం రేపి, అంతా కూలిపోవాలని కోరుకునే హింస అని దాని అర్థం. తెలుగులో దీన్ని ‘శూన్యవాద తీవ్రవాదం’ అంటే పొరపాటవుతుంది. శూన్యవాదం అనగానే మనకు గుర్తొచ్చేది నాగార్జునుడు. ఆయన చెప్పిన శూన్యత వేరు, అంతా నాశనమే అన్న వాదాన్ని ఆయన కూడా ఒప్పుకోలేదు. మన పొరుగువారి తత్త్వం మీద ఈ మచ్చ వేయకూడదు. అందుకే మేము ‘ఏమీ నమ్మని ద్వేషం’ అంటున్నాం.

సర్వం వ్యర్థమన్న మాట మనకు కొత్తది కాదు. ప్రసంగి గ్రంథం అక్కడే మొదలవుతుంది. అయితే ఆ ప్రసంగి ఇతరుల మీద పడలేదు. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి, పడిపోయినప్పుడు లేవనెత్తే తోడు లేని ఒంటరి మనిషి గురించి బాధపడ్డాడు. నేటి ఈ గుంపులు వెతుక్కునేది కూడా సరిగ్గా ఆ ఒంటరివాడినే.

వాటిలో ఎక్కువగా వినబడే పేరు 764. టెక్సస్‌లోని స్టీఫెన్‌విల్ అనే చిన్న ఊళ్లో, పదిహేనేళ్ల కుర్రాడు 2021 ప్రాంతంలో తన గదిలో కూర్చుని మొదలుపెట్టిన గుంపు ఇది. తన ఊరి పిన్‌కోడ్‌లోని మొదటి మూడంకెలే దాని పేరు. మన తెలుగు కుటుంబాలు, తెలుగు సంఘాలు వేళ్లూనుకున్న డాలస్ నుంచి ఆ ఊరు కారులో రెండు గంటల లోపు దూరం. ఆ కుర్రాడికి 2023లో 80 ఏళ్ల జైలుశిక్ష పడింది, గుంపు మాత్రం ఆగలేదు. 2025 ఏప్రిల్‌లో నాయకులుగా ఆరోపణలు ఎదుర్కొంటున్న ఇద్దరిని అరెస్టు చేశారు, ఒకరు నార్త్ కరొలైనాలో, మరొకరు గ్రీసులో. ఇలాంటి గుంపులపై 250కి పైగా దర్యాప్తులు నడుస్తున్నాయని ఆ ఏడాది ఎఫ్‌బీఐ చెప్పింది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా జాతీయ కేంద్రానికి ఈ గుంపులకు సంబంధించి 2024 ఒక్క ఏడాదిలో 1,300కు పైగా ఫిర్యాదులు వచ్చాయి.

ఇది ఎలా జరుగుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. రోబ్లాక్స్‌లాంటి ఆటలో, డిస్కార్డ్‌లో, లేదా దిగులుతో బాధపడేవాళ్లు మాట్లాడుకునే చోట ఒకరు పలకరిస్తారు. ఎంతో ఓపిగ్గా వింటారు. నిన్ను అర్థం చేసుకునేది నేనే అంటారు. కొన్ని రోజులకో వారాలకో ఒక ఫోటో అడుగుతారు, బట్టలు లేని ఫోటో. అది చేతికి అందాక గొంతు మారుతుంది. చెప్పినట్టు చేయకపోతే ఇది మీ అమ్మానాన్నకు, మీ బడికి, మీ చర్చికి పంపిస్తాం అంటారు. ఆ తర్వాత వాళ్లు అడిగేది డబ్బు కాదు. ఒళ్లు కోసుకోమంటారు, తమ పేరు చర్మం మీద చెక్కుకోమంటారు, పెంపుడు జంతువును హింసించమంటారు, చివరికి కెమెరా ముందు ప్రాణం తీసుకోమంటారు. ఆ వీడియోలను ‘లోర్‌బుక్’ అనే సంకలనంగా కూర్చి, ఎవరి దగ్గర ఎంత ఉంటే వారికి అంత హోదా ఇచ్చుకుంటారు. బాధపడిన బిడ్డనే తర్వాత మరో బిడ్డను తెమ్మంటారు. ఎక్కువగా గురవుతున్నది 10 నుంచి 17 ఏళ్ల వారేనని, తొమ్మిదేళ్ల పిల్లలు కూడా ఉన్నారని ఎఫ్‌బీఐ 2025 మార్చిలో హెచ్చరించింది.

ఈ గుంపుల్లో సాతాను గుర్తులు, నాజీ గుర్తులు కనబడతాయి. మన ప్రసంగాల్లో ఈ ఒక్క సంగతే పట్టుకుని గంటసేపు మాట్లాడే ప్రమాదం ఉంది. కొందరికి ఆ పూజ నిజమే కావచ్చు, చాలామందికి అది భయపెట్టడానికి వేసుకున్న వేషం. గుర్తుల కోసం వెతికే తండ్రికి, వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్న కూతురు కనబడదు.

బెదిరించేవాడి బలమంతా ఆ ఫోటోలో లేదు. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందన్న బిడ్డ భయంలో ఉంది. ఈ భయాన్ని మన ఇళ్లలో మనమే పెంచి పోషిస్తున్నామని మా అభిప్రాయం. ‘సంఘంలో మన సాక్ష్యం పోతుంది’ అన్న మాట వినకుండా పెరిగిన విశ్వాసుల బిడ్డ ఎవరు? పాస్టరు గారి పిల్లలకైతే అది రోజూ వినబడే మాట. అలాంటి బిడ్డకు ఆ బెదిరింపు వచ్చినప్పుడు, నాన్న దగ్గరికి వెళ్లడం కన్నా బ్లేడు తీసుకోవడమే తేలికనిపిస్తుంది. ‘మా పిల్లలు ప్రార్థనాపరులు, అలాంటివారు కారు’ అని గట్టిగా అనే ఇంట్లో ఈ మాట చెప్పుకోవడం ఇంకా కష్టం.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరుగుతూ, రాళ్లతో తన ఒళ్లు తానే గాయపరచుకునే మనిషి ఉన్నాడు. ఊరివాళ్లకు తెలిసిన వైద్యం సంకెళ్లు. ప్రభువు పేరు అడిగారు. అతడు బాగుపడ్డాక వెంట తిప్పుకుని జనానికి చూపించలేదు, ఇంటికి, తనవాళ్ల దగ్గరికి పంపారు. మన సంఘాల్లో దీనికి విరుద్ధంగా జరగడం చూస్తుంటాం. గాయాలు కనబడగానే దయ్యమని తేల్చేసి, బిడ్డను ఉపవాస ప్రార్థనలో అందరి ముందు నిలబెడతారు. ప్రార్థన చేయండి, తలుపు వేసుకుని చేయండి. ఆ బిడ్డ కథ ప్రార్థన విన్నపంగా వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు.

బిడ్డ నోరు విప్పిన రోజున మొదటి మాట ‘ఎందుకు పంపావు?’ కాకూడదు. ‘చెప్పి మంచి పని చేశావు, నీ మీద కోపం లేదు’ అనండి. కోపం ఉన్నా సరే, ఆ రోజుకు ఆపుకోండి. ఫోను లాక్కుని పగలగొట్టవద్దు, మెసేజీలు చెరిపేయవద్దు. పోలీసులకు కావలసిన సాక్ష్యం అందులోనే ఉంటుంది. బెదిరించేవాడితో బేరాలాడవద్దు, అడిగిన ఇంకో ఫోటో ఇస్తే వదిలేస్తాడని ఆశపడవద్దు. గాయాలుంటే డాక్టరుకు చూపించండి. చనిపోవాలని ఉంది అన్న మాట వస్తే, ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా పడుకోనివ్వవద్దు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

సండే స్కూల్ టీచర్లకు ఒక మాట. ఎవరు రావడం మానేశారో మీకు హాజరుపట్టీలో తెలుస్తుంది. వస్తూనే మాట్లాడడం మానేసిన పిల్లలు అందులో కనబడరు, వాళ్లను మీరే గమనించాలి.

ఈ నంబర్లను చర్చి నోటీసు బోర్డు మీద, పిల్లల కళ్లకు అందే ఎత్తులో రాయించండి. మన దేశంలో పిల్లల సహాయానికి 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. పోలీసు ఫిర్యాదును జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఇవ్వవచ్చు. అమెరికాలో ఉన్నవారు ప్రాణభయం ఉంటే 911కు, ఆత్మహత్య ఆలోచనలుంటే 988కు ఫోన్ చేయాలి. 18 ఏళ్ల లోపు తీసిన ఫోటో బయటికి పోతుందని భయపడే పిల్లల కోసం పైన చెప్పిన అమెరికా జాతీయ కేంద్రం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. ఇండియా నుంచి కూడా వాడుకోవచ్చు. పేరు చెప్పనక్కరలేదు. ఫోటోను ఎవరికీ పంపనక్కరలేదు, అది బిడ్డ ఫోనులోనే ఉంటుంది. దాని డిజిటల్ గుర్తు మాత్రమే తీసుకుని, ఈ సేవలో చేరిన సోషల్ మీడియా కంపెనీలకు ఇస్తారు.