ఫ్రెండ్ బాధలో మనమూ మునగాలా?

గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. పేపర్ లీక్ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది.

ఓయూ క్యాంపస్ చుట్టూ వారాసిగూడ, సీతాఫల్‌మండి, తార్నాకల్లో రూములు తీసుకుని చదివినవాళ్లకు ఈ తేదీలు బట్టీ పట్టక్కర్లేదు, అలాగే గుర్తుండిపోయాయి. ముగ్గురున్న రూమ్‌లో ఒకడు "ఇంక నావల్ల కాదురా" అన్నాడనుకోండి. మిగతా ఇద్దరికీ ఆ పూట పుస్తకం తెరవబుద్ధి కాదు. దిగులు కూడా జలుబులాగే అంటుకుంటుంది. అలాగని పట్టించుకోకుండా ఉంటే మనసొప్పదు. మరి మునిగిపోకుండా పక్కన నిలబడటం ఎలా? మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు ఇరవై ఏళ్లుగా దీని వెంటే పడ్డారు.

కడుపు తరుక్కుపోవడం ఉత్త మాట కాదు

2004లో లండన్‌లో తానియా సింగర్ బృందం 16 జంటలను పిలిచింది. ఆమె స్కానర్‌లో, అతను పక్కన. ఒకసారి ఆమె చేతికి, ఒకసారి అతని చేతికి చిన్న కరెంట్ షాక్. తన చేతికి తగిలినా, అతని చేతికి తగిలిందని తెలిసినా ఆమె మెదడులో రెండు చోట్ల స్పందన కనిపించింది. ఒకటి ఇన్సులా ముందు భాగం, రెండోది యాంటీరియర్ సింగ్యులేట్. నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టిందో చెప్పే భాగాలు మాత్రం ఆమెకు తగిలినప్పుడే పనిచేశాయి. అంటే ఎదుటివాళ్ల దెబ్బ మనకు తగలదు, ఆ దెబ్బలోని బాధ తగులుతుంది.

గుండె దడ, కడుపులో తిప్పడం లాంటి లోపలి సంకేతాలను గమనించేది కూడా ఈ ఇన్సులానే. మన పెద్దవాళ్లు "కడుపు తరుక్కుపోయింది" అనేది ఊరికే కాదన్నమాట.

రెండు దారులు

మాథ్యూ రికార్డ్ అనే ఫ్రెంచ్ బౌద్ధ సన్యాసి ఉన్నారు. జన్యుశాస్త్రంలో డాక్టరేట్ చేసి హిమాలయాలకు వెళ్లిపోయిన మనిషి. సింగర్ ఆయన్ని స్కానర్‌లో పడుకోబెట్టి, ఎదుటివాళ్ల బాధను మాత్రమే అనుభవించమన్నారు. కాసేపటికే ఆయన నీరసించిపోయారు. తర్వాత 'వీళ్లకు మంచి జరగాలి, నేను తోడుంటా' అనే కరుణ వైపు మనసు తిప్పమంటే తేరుకున్నారు.

ఓల్గా క్లిమెకి, సింగర్ కలిసి దీన్నే మామూలు మనుషుల మీద పరీక్షించారు. ముందు సహానుభూతి సాధన చేయించి, బాధల వీడియోలు చూపిస్తే వాళ్లలో దిగులు పెరిగింది. తర్వాత కరుణ సాధన చేయించారు. ఈసారి అలాంటి వీడియోలే చూసినా దిగులు తగ్గింది, ఆప్యాయత పెరిగింది. మెదడులో పనిచేసిన చోట్లు కూడా మారాయి. ఈసారి స్పందించినవి ఆనందానికి, అనుబంధానికి సంబంధించిన భాగాలు.

సహానుభూతి అంటే 'నీ బాధ నా బాధ'. కరుణ అంటే 'బాధ నీది, తోడు నేను'. మొదటిది లేకపోతే రెండోది మొదలుకాదు. మొదటి దగ్గరే ఆగిపోతే మాత్రం ఇద్దరూ మునుగుతారు.

నేర్చుకుంటే వస్తుందా?

వస్తుందనే ఆధారాలున్నాయి. 2013లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో కొందరు రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు కరుణ సాధన చేశారు. ఆ తర్వాత డబ్బు పంచే ఆటలో అన్యాయం జరిగిన అపరిచితుడి కోసం, వేరే సాధన చేసినవాళ్ల కంటే దాదాపు రెట్టింపు ఖర్చుపెట్టారు. జర్మనీలో సింగర్ నడిపిన తొమ్మిది నెలల ప్రాజెక్టులో ధ్యాస, కరుణ, ఎదుటివాళ్ల కోణం అర్థం చేసుకోవడం – మూడూ విడివిడిగా నేర్పారు. ఏది నేర్పితే దానికి తగ్గట్టు మెదడు పొరల మందంలో వేర్వేరు మార్పులు కనిపించాయి.

అయితే అన్నీ ఒకేసారి నమ్మేయకండి. 2018లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ధ్యానం వల్ల కరుణ పెరిగినట్టు కనిపించింది ముఖ్యంగా నేర్పిన గురువే పరిశోధకుల్లో ఒకరైన చోట, లేదా ఏ సాధనా చేయనివాళ్లతో పోల్చిన చోట. మేం రాసిన కోడ్‌ని మేమే టెస్ట్ చేసి 'పాస్' అంటే మేనేజర్ ఊరుకోడు కదా, ఇదీ అంతే. ఫలితం ఉంది, కానీ మ్యాజిక్ కాదు.

రూమ్‌లో ఏం చేయొచ్చు?

సాధన సింపులే. ముందు బాగా ఇష్టమైన మనిషిని తలచుకుని 'క్షేమంగా ఉండాలి' అనుకోవాలి. తర్వాత అదే మాట మన గురించి, ఆ తర్వాత రోజూ కనబడే అపరిచితుడి గురించి, చివరికి మనకు పడనివాడి గురించి. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టొచ్చు.

ఫ్రెండ్ కుంగిపోయినప్పుడు గంటల తరబడి పాత గాయం తవ్వుకుంటూ కూర్చోకండి. పూర్తిగా వినండి, మధ్యలో సలహాలొద్దు. "తిన్నావా?" అని అడగండి. "ఆర్ట్స్ కాలేజీ దాకా నడుద్దాం పద" అనండి. మీకే భారమైతే ఇంకో ఫ్రెండ్‌ని కలుపుకోండి. మోయడానికి నాలుగు చేతులుంటే మంచిదే.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, ఆ విషయం మీ ఒక్కరి దగ్గరే దాచుకోవద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కి ఫోన్ చేయండి: 14416. ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడి పక్కన కూర్చుని, నంబర్ నొక్కి, ఫోన్ వాడి చేతికివ్వండి.