పోలండు పల్లెబడి కథ

పిల్లలు చదువుకోవాలంటే ఊళ్లో బడి ఉండాలి. బడి ఉంటే సరిపోతుందా? అక్కడ గురువు చెప్పే మాట వారికి అర్థం కావాలి. ఇంట్లో ఒక భాష, బడిలో వేరొక భాష అయినప్పుడు ఏమవుతుందో పోలండు దేశపు పల్లెబడుల చరిత్ర మనకు తెలియజేస్తుంది.

పోలండు ఐరోపా ఖండం మధ్యభాగంలో ఉంది. అక్కడి ప్రజల భాష పోలిష్. పూర్వం పల్లెల్లో చదువు చర్చిని ఆనుకొని ఉండే చిన్న బడుల్లో సాగేది. 1773లో ఆ దేశం జాతీయ విద్యాసంఘాన్ని ఏర్పాటు చేసింది. విద్య బాధ్యతను ప్రభుత్వమే స్వీకరించడం ఆనాటికి కొత్త విషయం. అయితే అప్పటికే పొరుగు రాజ్యాల కన్ను ఆ దేశంపై పడింది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు 1772 నుంచి 1795 వరకు మూడు విడతల్లో దేశమంతటినీ పంచుకున్నాయి. ఆ తరవాత 123 ఏండ్లపాటు ప్రపంచ పటంలో స్వతంత్ర పోలండు లేదు. దేశం పోయినా ప్రజలు ఉన్నారు. వారి నోట భాష ఉంది.

ఆస్ట్రియా ఏలిన భాగంలో 1867 తరవాత పోలిష్ బడులకు కొంత స్వేచ్ఛ దొరికింది. రష్యా పాలనలో అది లేదు. 1885 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో కూడా దాదాపు పాఠాలన్నీ రష్యన్ భాషలోనే చెప్పాలని నియమం పెట్టారు. అనుమతి లేకుండా పోలిష్‌లో చదువు చెప్పడం నేరం. పట్టుబడితే శిక్ష పడే ప్రమాదం ఉండేది.

ఆ రోజుల్లో వార్సా నగరానికి చెందిన మరియా స్క్వొదోవ్స్కా అనే పద్దెనిమిదేండ్ల యువతి ష్చుకి అనే పల్లెలో ఒక కుటుంబం వారి పిల్లలకు చదువు చెప్పడానికి కుదురుకొన్నది. అది 1886వ సంవత్సరం. చుట్టుపక్కల రైతుల, కూలీల పిల్లలకు అక్షరం ముక్క రాకపోవడం ఆమె చూసింది. ఆ ఇంటి పెద్దమ్మాయిని తోడు చేసుకొని, వారికి పోలిష్‌లో చదవడం, రాయడం నేర్పసాగింది. పలక మీద తమ మాట తామే రాసుకోగలిగినప్పుడు ఆ పిల్లలు పొందిన ఆనందం ఎంతో ఊహించండి. ఆ గదికి బడి అన్న పేరు లేదు. అయినా అది బడే. ఆ యువతియే తరవాతి కాలంలో రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన మేరీ క్యూరీ.

ఇక ప్రష్యా పాలనలోని భాగం సంగతి వేరు. అక్కడ బడులకు కొదువ లేదు. ప్రతి పిల్లవాడూ బడికి వెళ్లితీరాలన్న చట్టం ఉంది. కాని 1873లో పొజ్నాన్ ప్రాంతంలోని ప్రాథమిక పాఠశాలల్లో బోధనాభాష జర్మన్ అయింది. 1887లో పోలిష్‌ను ఒక విషయంగా నేర్పడం కూడా ఆపివేశారు. ఒకే భాష ఉంటేనే రాజ్యం ఒకటిగా ఉంటుందని పాలకుల నమ్మకం. ఇక మతబోధ ఒక్కటే పోలిష్‌లో మిగిలింది. క్రమంగా దానిలోకి కూడా జర్మన్ ప్రవేశించింది.

1901లో వ్జెష్న్యా అనే చిన్న పట్టణంలోని బడిలో పైతరగతుల వారికి మతబోధ జర్మన్‌లో మొదలైంది. పిల్లలు ఎదురు తిరిగి అల్లరి చేయలేదు. జర్మన్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా మౌనంగా నిలబడ్డారు. తల్లి నేర్పిన ప్రార్థనను పరాయి భాషలో అప్పగించలేమన్నదే వారి మాట. మే 20న పద్నాలుగురు పిల్లలను బెత్తంతో కొట్టారు. ఏడుపులు విని తల్లిదండ్రులు, ఊరివారు బడి ముందు గుమికూడారు. ప్రభుత్వం వారి మీద కేసు పెట్టింది. నవంబరులో గ్నియెజ్నో న్యాయస్థానం పలువురికి శిక్షలు వేసింది. నెపొముత్సేనా ప్యాసెత్స్కా అనే తల్లికి రెండున్నర సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఈ వార్త దేశదేశాలకు పాకింది.

1906లో ఆ నిప్పు పల్లెలకు అంటుకొన్నది. వందలాది పల్లెబడుల్లో సుమారు 70 వేల మంది పిల్లలు జర్మన్‌లో మతబోధకు జవాబు చెప్పడం మానివేశారు. బడి విడిచాక వారిని గంటల తరబడి నిలిపి ఉంచారు. తల్లిదండ్రులకు జుల్మానాలు వేశారు. పట్నాల్లో చదువుతున్న అన్నలను ఉన్నత పాఠశాలల నుంచి వెళ్లగొట్టారు. ఒక విషయం గమనించండి. ఆ పిల్లలు జర్మన్ నేర్చుకోమని అనలేదు. మిగిలిన పాఠాలు ఆ భాషలోనే వింటూ వచ్చారు. తమ భాషకు కూడా బడిలో చోటు ఉండాలని మాత్రమే కోరారు.

ఆ సమ్మె గెలవలేదు. ప్రభుత్వం పట్టు సడలించలేదు. మరుసటి ఏడాదికి సమ్మె చల్లారింది. అయితే తమ భాష విలువ ఏమిటో ప్రతి పల్లెకూ తెలిసివచ్చింది. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, పోలండు స్వతంత్ర దేశమైంది. 1919లో పిల్లలందరికీ నిర్బంధ విద్య ప్రకటించారు. పల్లెబడిలో పోలిష్ మాట మళ్లీ ధైర్యంగా వినిపించింది.

కాని బాధపడినవారు ఇతరుల బాధను ఎప్పుడూ గుర్తిస్తారని చెప్పలేం. 1924లో చేసిన ఒక చట్టం వల్ల పోలండులోని యుక్రేనియన్ పిల్లల బడులు చాలావరకు ద్విభాషా బడులుగా మారి, వారి భాషకు చోటు తగ్గిపోయింది. చాలా కాలం తరవాత పరిస్థితి కొంత మారింది. ఉత్తర పోలండులో కషూబియన్ అనే భాష మాట్లాడేవారు ఉన్నారు. 1991లో గ్వొద్నిత్స అనే చిన్న పల్లెబడిలో ఆ భాషను నేర్పడం మొదలుపెట్టారు. 2005లో వచ్చిన చట్టం దానికి ప్రాంతీయ భాషగా గుర్తింపు ఇచ్చింది. అక్కడి పిల్లలు ఇంటి భాషనూ, దేశభాషనూ రెంటినీ బడిలో చదువుకునే వీలు కలిగింది.

మన రాజ్యాంగం కూడా ఈ విషయాన్ని మరవలేదు. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించడానికి కృషి చేయాలని రాష్ట్రాలకు నిర్దేశిస్తున్నది. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాటల నడుమ పెరుగుతూ మీరు ఈ తెలుగు వాచకాన్ని తెరుస్తున్నారు. ఇరుగుపొరుగు భాషను ప్రేమతో నేర్చుకోవడం మన మర్యాద. ఇంటి భాషను నిలుపుకోవడం మన బాధ్యత. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోనక్కరలేదు.

ప్రశ్నలు

1. ష్చుకి పల్లెలో మరియా చేసిన పని ఏమిటి? అందులోని ప్రమాదం ఏమిటి?
2. వ్జెష్న్యా పిల్లలు తమ నిరసనను ఎలా తెలియజేశారు?
3. “ఆ సమ్మె గెలవలేదు.” అయినా దానివల్ల కలిగిన మేలు ఏమిటి?
4. మీ ఊరి బడి ఎప్పుడు మొదలైంది? అందులో తెలుగు ఎలా నిలిచింది? పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.