ముక్కు చెప్పిన మాట

మా అక్క ఇంట్లో మూడు రోజులు ఆ వాసన వచ్చిందట. కాలిన రబ్బరు, దానికి తోడు కాస్త నీచు. ఎలుకేదో చచ్చిందనుకుని బావ అటక మీద సామానంతా దించాడు. అక్క అగరుబత్తులు వెలిగించింది. నాలుగో రోజు పొద్దున గీజరు ఆపబోతూ ప్లగ్గు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

ఎలక్ట్రీషియన్ ఆ ప్లగ్గు ఊడదీసి అక్క చేతిలో పెట్టాడు. తెల్ల ప్లాస్టిక్కు కాఫీ రంగుకు తిరిగి, ఒక పిన్ను చుట్టూ బుడగలు కట్టింది. ‘‘రెండు వేల వాట్ల గీజరమ్మా. లావు పిన్నుల ప్లగ్గుకి కన్వర్టర్ ముక్క తగిలించి ఆరు ఆంపియర్ల సాకెట్లో దూరిస్తే కాలక ఏం చేస్తుంది?’’ అన్నాడు. లెక్క చిన్నదే. 2000ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు.

‘‘మరి అంత డబ్బు పోసి ఎంసీబీలు పెట్టించాం కదా, అది పడిపోవాలిగా?’’ అంది అక్క. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎంసీబీ కాసేది గోడలోని తీగని. ఆ తీగ మోయగలిగినంత లోపు కరెంటు పారుతుంటే అది కిమ్మనదు. ప్లగ్గు పిన్ను వదులైనా, స్క్రూ కింద తీగ కదులుతున్నా కరెంటేమీ పెరగదు. ఆ సందులో అడ్డు పెరిగి వేడి పుడుతుంది. వేడెక్కడం, చల్లారడం, రోజూ ఇదే తంతు, దాంతో పట్టు ఇంకాస్త సడలుతుంది. ఎలక్ట్రీషియన్లు ‘లూజ్ కాంటాక్ట్’ అని తేలిగ్గా అనేసేది దీన్నే. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ మనిషిని షాక్ నుంచి కాపాడుతుంది గానీ, ఈ వేడిని అదీ పసిగట్టలేదు. పసిగట్టగలిగింది ఇంట్లో ముక్కొక్కటే. దానికేమో మనం అగరుబత్తి పొగ పెడతాం.

వంటింటి సిలిండర్ గ్యాసు సంగతి ఇంకా చిత్రం. దానికి సొంత వాసనే లేదు. మన ముక్కు కోసమే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కంపు సరుకు కలుపుతారు. అయితే ఈ గ్యాసు గాలికంటే బరువు. గట్టు కింద, సింకు దగ్గర, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. నిలబడ్డ మనిషి ముక్కుకు చేరేసరికే కాళ్ల దగ్గర మడుగు కట్టి ఉండొచ్చు. గాలిలో నూటికి రెండు వంతులు కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ రవ్వ లైటు స్విచ్‌లోనూ ఉంటుంది. అందుకే ‘వాసన పోవడానికి’ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడమంత పొరపాటు మరొకటి లేదు. ఏ స్విచ్చీ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయాలి.

నారింజ రంగు సురక్షా ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలి. స్టవ్వు కొన్నా మార్చనివాళ్లు, ఇల్లు మారినా అదే ట్యూబు చుట్టి పట్టుకుపోయేవాళ్లు నాకు తెలుసు. లీకు అనుమానం వస్తే సబ్బునురగ రాసి చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే ధైర్యవంతులు ఇంకా ఉన్నారు!

బాణలిలో నూనె అంటుకుంటే స్టవ్వు కట్టేసి మూత పెట్టడమే. నీళ్లు పోస్తే అవి నూనె అడుగుకు పోయి, క్షణంలో ఆవిరై, మండే నూనెను ఇంటి కప్పుదాకా ఎగజిమ్ముతాయి. దేవుడి గదిలో దీపం కొండెక్కకుండానే ఊరికి బయల్దేరొద్దు. నూనె వాసనకు ఎలుకలు వెలుగుతున్న వత్తిని కూడా ఈడ్చుకుపోతాయి.

ఇంతా చెప్పాక ఒక చిక్కుంది. నిద్రలో ముక్కు పనిచేయదు. గాఢనిద్రలో ఉన్నవాడిని పొగ వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడు మత్తును పెంచుతుంది. హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో 2025 మే 18న, ఆదివారం తెల్లవారే వేళ, అగ్నిప్రమాదంలో ఒకే ఇంట్లో 17 మంది పోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఎక్కువ మందిని బలిగొన్నది మంట కాదు, పొగ. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి ఇరుకైన దారి ఒక్కటే. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లోనూ అంతే. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలోకి కమ్ముకుని 8 మంది చనిపోయారు. అది తెలిసీ మన అపార్ట్‌మెంట్లలో స్కూటర్ ఛార్జింగ్ రాత్రంతా సరిగ్గా మెట్ల మొదట్లోనే పెడుతున్నాం, అందరూ దిగాల్సిన దారిలో.

దొంగల భయంతో కిటికీలకు కదలని ఊచలు, వరండాకు గ్రిల్లు, దానికి తాళం, ఆ తాళంచెవి బీరువాలో. చీకట్లో, పొగలో, నేలకు దగ్గరగా పాకుతూ వెళ్లి బీరువా తెరిచేదెవరు?

ముక్కు నిద్రపోయినా చెవి మేలుకునే ఉంటుంది. పొగ తగలగానే కూత పెట్టే బ్యాటరీ అలారాలు బజారులో దొరుకుతున్నాయి. అక్కతో అదే చెప్పాను.

‘‘పోపు వేసినప్పుడల్లా అరుస్తుందటరా?’’

‘‘వంటింట్లో కాదక్కా, పడగ్గది బయట పెట్టుకోవాలి.’’

గ్రిల్లు తాళంచెవి మాత్రం ఇప్పుడు పిల్లలకు అందే ఎత్తులో, తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. దొంగ చెయ్యి పెడితే అందనంత దూరంలో ఆ మేకు కొట్టడానికి బావ అరగంట కొలతలు తీశాడు. కాలిన ప్లగ్గును అక్క ఇంకా పారేయలేదు. ఫ్రిజ్ మీద పెట్టింది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.