వెలుగు విడిచిన వేలిముద్ర

నక్షత్రాల దూరాన్ని, చలనాన్ని మానవుడు లెక్కకట్టగలడు గాని, అవి ఏ పదార్థాలతో నిర్మితమైనవో ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోమ్త్ తీర్పు చెప్పాడు. ఆ మాట సబబుగానే తోచింది. చేతికందని వస్తువును పరీక్షించడమెలా? అయితే నక్షత్రం మన చెంతకు రాకపోయినా దాని వెలుగు వస్తూనే ఉంది. సమాధానం ఆ వెలుగులోనే దాగి ఉంది.

సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపితే ఏర్పడే రంగుల పట్టీనే వర్ణపటం అంటారు. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ ఆ పటంలో వందలాది నల్లని గీతలను గుర్తించాడు. 1859-60లో హైడల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్‌లు వాటి అర్థాన్ని విప్పిచెప్పారు. మంటలో చిటికెడు ఉప్పు చల్లితే మంట పచ్చబడుతుంది; ఆ పసుపు వన్నె ఉప్పులోని సోడియానిది. ఇలాగే ప్రతి మూలకమూ బాగా వేడెక్కిన ఆవిరి రూపంలో తనకే ప్రత్యేకమైన రంగు గీతలను వెలువరిస్తుంది. అంతకంటె వేడియైన వస్తువు కాంతి ఆ ఆవిరి గుండా సాగితే, అవే రంగులను గ్రహించి, వాటి స్థానంలో నల్లని గీతలను మిగులుస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో 1913లో నీల్స్ బోర్ వివరించాడు. పరమాణువులోని ఎలక్ట్రాన్లు నిర్దిష్టమైన శక్తి స్థాయిలలోనే ఉండగలవు. వాటిని మెట్లతో పోల్చవచ్చు. తగిన కాంతిని గ్రహించి ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎక్కుతుంది. దిగివచ్చేటప్పుడు కాంతిని వెలువరిస్తుంది. మెట్ల అమరిక మూలకమూలకానికీ వేరు. అందుకే వర్ణపటం మూలకానికి వేలిముద్ర వంటిది.

ఈ వేలిముద్రల చరిత్రలో తెలుగునేలకు స్థానమున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు చేరాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో నిలిచాడు. సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటదర్శినిలో చూడగా ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు వేడి వాయువులని తేలిపోయింది. గీతల కాంతిని గమనించిన జాన్సెన్, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని ఊహించి, మరునాడే చూశాడు.

ఆ గీతలలో ఒక పసుపు గీత ఉన్నది. తొలుత దానిని సోడియానిదే అనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ జాగ్రత్తగా కొలిచి చూశాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉండగా, ఇది 587.6 వద్ద ఉంది. తేడా వెంట్రుకవాసి, అర్థం మాత్రం కొండంత. అది అప్పటికి భూమిపై ఎవరూ ఎరుగని మూలకం! సూర్యునికి గ్రీకు పేరైన ‘హీలియోస్’ను బట్టి దానికి హీలియం అని పేరు వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుండి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను కనుగొనడంతో సందేహాలు తీరాయి.

కోమ్త్ 1857లోనే మరణించాడు. తన తీర్పు తారుమారు కావడం ఆయన చూడలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌకలోనూ సూర్యుని వర్ణరేఖలను చదివే పరికరమున్నది.